వైద్య వివాదములు – చరకుని తూనిక

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున ఆనందయ్య అను నాటు వైద్యుడు కరోనాకు మందు ఇచ్చుచున్నాడని విని వేలాది జనులు ఆ ఊరికి తరలిపోయిరి. ప్రభుత్వము పంపిణీని నిలిపి, పరిశీలన జరిపించి, ఆ నెల 31వ తేదీన కడుపులోనికి పుచ్చుకొను కొన్ని మందులకు అనుమతి నిచ్చెను. కంటిలో వేయు చుక్కలకు ఇయ్యలేదు. మందువలన హాని కనబడలేదనియు, అయితే అది కరోనాను తగ్గించునని చెప్పుటకు ఆధారము లేదనియు పరిశీలకులు తేల్చిరి. వైద్యులు వ్రాసిన మందులను మానవలదని ప్రభుత్వము హెచ్చరించెను.

దీనితో వివాదము ముగియలేదు. ఒక పక్షమువారు మన పూర్వుల విద్యను అణచుచున్నారనిరి. రెండవ పక్షమువారు ఆకులు అలములు నూరిపోసిన రోగము కుదురునా యని నవ్విరి. ఈ రెండు మాటలలోను మందును గురించిన మాట ఒక్కటియు లేదు.

ఇట్టి వివాదములను ఎట్లు తూచవలెనో ఆయుర్వేదమే చెప్పియున్నది. వైద్యుల చర్చ రెండు విధములని చరకసంహిత విమానస్థానమున కలదు. తెలిసికొనగోరి కలిసి మాటలాడుట సంధాయ సంభాషణము. గెలువగోరి తలపడుట విగృహ్య సంభాషణము. తన పక్షమును నిలుపక ఎదుటివాని తప్పులనే యెన్నుట వితండ. నేడు మన చుట్టును వినబడునది చాలవరకు ఈ కడపటిదే.

జ్ఞానమునకు ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి అని చరకుడు నాలుగు సాధనములు చెప్పెను. ఆప్తుడనగా రజస్తమోగుణములను వీడి ఉన్నదున్నట్లు పలుకువాడు. పేరుపొందిన వాడెల్ల ఆప్తుడు కాడు. యుక్తి యనగా ఒక ఫలము అనేక కారణముల కూడికచే కలుగునని గ్రహించు బుద్ధి. నీరు, దున్నకము, విత్తు, ఋతువు కూడినపుడు పైరు పండునని ఆయన ఉపమానము. 'మందు తిన్నాను, తగ్గినది' అను మాటను ఈ యుక్తితో చూడుడు. కరోనా సోకిన వారిలో అధిక సంఖ్యాకులు ప్రత్యేక చికిత్స లేకయే కోలుకొనిరి. పైరు పండినంత మాత్రమున ఎరువు గొప్పదని చెప్పలేము. ఎరువు వేసిన మడిని, వేయని మడిని ప్రక్కప్రక్కన చూడవలెను. మందును పరీక్షించు విధానము మూలమున ఇంతకంటె వేరు కాదు.

మన సర్పగంధ వేరు పరీక్షకు నిలిచినది. అది రక్తపోటును తగ్గించుననియు, ఉన్మాదమును ఉపశమింపజేయుననియు గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లో ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల అనుభవమును బ్రిటిష్ హార్ట్ జర్నలులో వెల్లడింపగా లోకము దృష్టి దానిపై పడెను. 1952లో స్విట్జర్లాండునందు దానినుండి రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి. అది దేశదేశములందు వాడుకలోనికి వచ్చెను. తరువాత దానివలన కొందరికి మనోవ్యాకులత కలుగుచున్నదని వైద్యులు నివేదించిరి. మేలైన మందులు రాగా దాని వాడుక తగ్గెను. ఇందు ఆయుర్వేదమునకు అవమానమేమున్నది? ఆ వేరుకు గౌరవము తెచ్చినదియు పరీక్షయే, దాని హద్దును చూపినదియు పరీక్షయే.

ఇంగ్లీషు మందులు మాత్రము హాని చేయలేదా యని కొందరడుగుదురు. చేసినవి. 1957లో జర్మనీలో అమ్మకమునకు వచ్చిన థాలిడోమైడ్ అను మందును గర్భిణులు వాడగా పలు దేశములందు వేలకొలది శిశువులు అంగవైకల్యముతో జన్మించిరి. 1961లో దానిని అంగళ్లనుండి తీసివేసిరి. ఇది పరీక్ష వలదనుటకు సాక్ష్యమా? చాలినంత పరీక్ష చేయకపోవుటయే అచ్చటి కీడు. మందు క్షేమకరమని చూపినంత చాలదు, గుణమును కూడ రుజువు చేయవలెనని అమెరికా 1962లో శాసనము చేసెను. ఎదుటివాని తప్పు మన మందుకు గుణము కాజాలదు. ప్రకృతి యిచ్చినది గనుక హాని లేదనుటయు అట్టిదే. గన్నేరు, ఉమ్మెత్త కూడ ప్రకృతి యిచ్చినవే.

ఇది పండితుల వేడుక కాదు. ఇన్సులిన్ కావలసిన మధుమేహ రోగి దానిని మాని పసరు త్రాగినను, పాము కరచినవాడు ఆసుపత్రికి పోక మంత్రగాని వాకిట కూర్చున్నను నష్టపోవునది ప్రాణము. అట్లే, ఊరి వైద్యుడు ఎరిగిన మూలికను చూడకయే నవ్వి త్రోసిపుచ్చినచో రేపటి సర్పగంధ యొకటి మనకు దక్కకపోవచ్చును.

గనుక ఉపాధ్యాయులు ఏ వైద్యపు ప్రకటన వినబడినను, అది మూలికదైనను మాత్రదైనను, విద్యార్థులచే కొన్ని ప్రశ్నలు వేయింపవలెను. చెప్పువాడు ఆప్తుడా, అమ్మకమున లాభమున్నవాడా? ఆ మందు తినని వారి సంగతి యేమి? తిన్నను తగ్గనివారిని లెక్కించిరా? హాని కలిగినచో దానిని వ్రాసిపెట్టువారు కలరా? ఆయుర్వేదమును ప్రేమించువారే ఈ ప్రశ్నలను ముందుగా అడుగవలెను. చరకుని పేరు చెప్పుకొని ఆయన తూనికను అటకపై పెట్టుట ఆయనకు గౌరవము కాదు.