కాలువ గట్టున గడ్డిని ఉండనిండు



బాగాన్ దాతుక్ ప్రాంతమున కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నడుమ పెరిగిన మనకు ‘పారిట్’ అను మాటకు అర్థము చెప్పనక్కరలేదు. మా అవ్వ తోటపని ముగించుకొని ఆ కాలువలోనే కాళ్ళు కడుగుకొనెడిది. పిల్లలము మేము అందులోనే చేపలు పట్టెడివారము. నేడు అదే కాలువను పాచియు, గుఱ్ఱపుడెక్కయు కప్పివేసినవి. మొన్నటి వానల పిదప చచ్చిన చేపలు తేలగా, నా తరగతి బాలిక యొకతె “విషం ఎవరు కలిపారు, మాస్టారూ?” అని అడిగినది.

ఎవరును విషము కలుపలేదు. మనము ఎరువు వేసితిమి.

50 కిలోల యూరియా సంచిలో 23 కిలోల నత్రజని యుండును. అది నేలలో నైట్రేటుగా మారును. నైట్రేటు మట్టిని అంటి నిలువదు; వాననీటితో కాలువలోనికి పోవును. దానితో పాచి బలిసి, చచ్చి, కుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోవును. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకొని బ్రతుకవచ్చును. చిన్న చేపలలో పెక్కింటికి ఆ దారి లేదు.

పెద్ద ఎస్టేటులను విడిచి ఐదెకరముల వారిని అననేల యని కొందరందురు. ఎస్టేటులు తమ వంతు చేయవలసినదే. కాని మన గట్టు మన చేతిలో నున్నది. పనివారు దొరికిన దినమని, మబ్బు చూచియు మా తోటలో ఎరువు చల్లించినవాడను నేనే. ఆ సాయంకాలమే కుండపోత. సంచుల వెల కాలువ పాలైనది.

కాలువ అంచున రెండు మూడు మీటర్ల మేర గడ్డిని, ఫెర్ను మొక్కలను పెరుగనీయవలెనని నా అభిప్రాయము. అక్కడ కలుపుమందు కొట్టరాదు, ఎరువు చల్లరాదు. వేళ్ళు కొంత నైట్రేటును పీల్చుకొనును. తడిమట్టిలోని సూక్ష్మజీవులు మరికొంత దానిని వాయువుగా మార్చి గాలిలోనికి విడుచును. ఎరువును ఒకేసారి గాక విడతలుగా, పెద్దవానలు వెలిసిన పిదప వేయుట మేలు. నున్నగా గొరిగిన గట్టే శుభ్రమైన గట్టని దొరల కాలమున మన పెద్దలు నేర్చినారు. ఆ పాఠమును మరువమనియే నేను కోరుచున్నాను.

వచ్చే నెల మన తరగతి పిల్లలు పాఠశాల వెనుక కాలువ గట్టున పది మీటర్లు కొలిచి గుర్తుకొయ్యలు పాతుదురు. గడ్డి కోయ వచ్చువారు దయచేసి ఆ కొయ్యల వద్ద ఆగగలరు.