నొప్పి ఓర్చుకోవడం మన డ్యూటీ కాదు



పిప్పి పన్ను మీద కూడా పోస్టా అని నవ్వకండి. రాత్రిపూట లవంగం నూనె దూది పెట్టుకుని, దవడ పట్టుకుని కూర్చునేవాళ్లు మన హాస్టళ్లలో ఎంతమందో మనకే తెలుసు. ఇక ఆగలేక బస్సెక్కి పట్నం పోతే, మత్తు సూది వేశాక కూడా ప్రాణం పోయేంత నొప్పి. పైగా "అడవిలో తిరిగేవాళ్లు, ఈమాత్రం ఓర్చుకోలేరా" అనే మాట. మేం ఈ మాట ఒప్పుకోం. మన నరాలేమైనా వేరేనా?

అసలు సంగతి ఏంటంటే, లోపల నరం వాచిపోయిన పన్నుకు మత్తు సరిగ్గా ఎక్కదు. కింది దవడ పళ్లకైతే ఇది మరీ ఎక్కువ. వాపులో ప్రోస్టాగ్లాండిన్లు అనేవి తయారై నరాన్ని రెచ్చగొడతాయి. అలా రెచ్చిన నరం మామూలు సూదికి లొంగదు. ఐబూప్రొఫెన్ మాత్ర వాటి తయారీనే తగ్గిస్తుంది. అందుకే సూదికి గంట ముందు 400 లేదా 600 మిల్లీగ్రాములు ఇస్తే మత్తు పట్టే అవకాశం పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. అందరికీ పూర్తిగా పడుతుందని కాదు, కానీ తేడా ఉంది.

ఓపీ చీటీ రాయించుకుని పొద్దున్నుంచీ లైన్లో కూర్చునేది మనమే కదా! ఆ టైములోనే ఒకసారి చూసి మాత్ర ఇస్తే ఏం పోయింది? పెద్ద ఖర్చు కూడా కాదు. ఏజెన్సీ ఆసుపత్రుల్లో పళ్ల డాక్టరు ఉన్నచోట ఇది అలవాటుగా జరగాలని మనం ఐటీడీఏ వాళ్లను అడగాలి. అడిగితేనే గానీ ఏదీ రాదు, మనకు కొత్తా?

అలాగని మెడికల్ షాపులో కొని మింగి వెళ్లొద్దు. కడుపులో పుండు, ఆయాసం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు ఈ మాత్ర ప్రమాదం కావచ్చు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో అసలు వద్దు. సికిల్ సెల్ ఉన్నవాళ్లు (మనలో ఉన్నారు, దాచుకోవద్దు) డాక్టరుకు ముందే చెప్పాలి. పొద్దున ఏ మాత్ర వేసుకున్నారో అదీ చెప్పాలి. ఇంకోటి, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే యాంటీబయాటిక్‌తో ఈ నరం నొప్పి తగ్గదు.

మాత్ర వేసుకున్నా, సూది పడ్డా ఇంకా నొప్పిగా ఉంటే పళ్లు బిగబట్టి కూర్చోకండి, చెయ్యెత్తండి. పన్ను పక్కనే ఇంకో సూది వేసే పద్ధతులు డాక్టర్ల దగ్గర ఉన్నాయి.