విస్తరి ముందు తీర్పులు వద్దు



మా పెద్దన్నయ్య ఆత్మహత్య చేసుకున్న పదకొండో రోజున, భోజనాల దగ్గర దూరపు బంధువు ఒకాయన అన్నాడు: “తన దారి తాను చూసుకున్నాడు. పెళ్లాం బిడ్డల్ని గాలికొదిలేశాడు. ఎంత స్వార్థం!” పక్క విస్తరి ముందున్న అన్నయ్య కొడుకు కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసి లేచిపోయాడు. వాడికి పదిహేడేళ్లు. ఆ రోజు నేను నోరు మెదపలేదు. అందుకే ఈ ఉత్తరం.

అంతకుముందు మూడు నెలలుగా అన్నయ్యకు నిద్ర లేదు. “పట్టడం లేదురా” అంటే, “సెల్లు పక్కన పడేసి పడుకో, అదే పడుతుంది” అన్నాను. రెండు ముద్దలు తిని కంచంలో చెయ్యి కడిగేసేవాడు. “మీ అందరికీ బరువైపోయాను, నేను లేకపోతే మీరైనా సుఖపడతారు” అని వదినతో అన్నాడట. ఇవన్నీ డిప్రెషన్ లక్షణాలని తర్వాత డాక్టరు చెబితే తెలిసింది. తన సుఖం చూసుకునేవాడి మాటలా అవి? తాను లేకపోతేనే ఇంటికి మేలని ఆ జబ్బు నమ్మించింది. పచ్చి అబద్ధం. ఆ ఇల్లు ఇంకా కోలుకోలేదు. మందులకు, ఆదరణకు లొంగే జబ్బే అది; మేమే గుర్తుపట్టలేదు.

వదినకు కోపం ఉంది. ఫొటో ముందు నిలబడి తిడుతుంది, ఏడుస్తుంది. ఆమెకు ఆ హక్కుంది. భోజనానికొచ్చినవాళ్లకు లేదు.

ఆత్మహత్యలన్నీ మానసిక వ్యాధి వల్లేనని నేననను. అప్పులుంటాయి, పరీక్షలుంటాయి, ఇంట్లో హింస ఉంటుంది. 2022లో మన దేశంలో ఇలా పోయినవారు 1,70,924 మంది. వీళ్లందరికీ ఒక్క మాటతో తీర్పు చెప్పేస్తామా? మనకన్నా చట్టమే నయం. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, చికిత్స, సంరక్షణ ప్రభుత్వ బాధ్యతని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.

పోయినవాడికి మన మాట వినపడదు. లోలోపల నలిగిపోతూ పక్కనే కూర్చున్నవాడికి వినపడుతుంది. ‘నేను చెప్పుకుంటే నన్నూ ఇలాగే అంటారు’ అనుకుని నోరు కట్టేసుకుంటాడు.

పోయిన నెల ఒక రాత్రి అన్నయ్య కొడుకు వచ్చి “బాబాయ్, నిద్ర పట్టడం లేదు” అన్నాడు. ఈసారి సెల్లు పక్కన పెట్టమనలేదు. ఎన్నాళ్ల నుంచని అడిగాను. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా అడిగాను. చాలాసేపు ఏడ్చాడు. అదే సెల్లు నుంచి ఇద్దరం కలిసి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేశాం. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. మర్నాడు డాక్టరు దగ్గరికి వాడితో నేనూ వెళ్లాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
తెనాలి