పిన్‌కోడ్‌లో దాక్కున్న 23

తాండూరు పిన్‌కోడ్ 501141. అంకెలన్నీ కూడితే 12. అంటే 3తో పోతుందని ఏడో క్లాసు పిల్లలు కూడా చెప్పేస్తారు. భాగిస్తే 167047 వస్తుంది. అక్కడితో సరి, అది ప్రధాన సంఖ్య, ఇంక విరగదు.

వికారాబాద్‌ది 501101. ఇది కాస్త మొండిది. 2, 3, 5, 7, 11, 13, 17, 19 దేనికీ లొంగదు. ఇది ప్రధాన సంఖ్యేమో అనుకునేలోపు 23 దగ్గర దొరికిపోతుంది: 23 × 21787. ఆ 21787 కూడా ప్రధాన సంఖ్యే.

తాండూరు అంటే నాపరాళ్లు కదా, బండల లెక్కలో చూద్దాం. 501141 బండల్ని ఒక్కటీ మిగలకుండా దీర్ఘచతురస్రంగా పరవాలి. ఒకే వరుసలో పేర్చుకుంటూ పోవడం కాకుండా ఇంకొక్క దారే ఉంది, 3 వరుసలు. వికారాబాద్‌కీ అంతే, 23 వరుసలు. అదే జిల్లాలో ఉన్న పరిగి చూడండి, 501501. ఇలా మూడంకెలు రిపీటైతే ఆ సంఖ్య 1001తో పోవాల్సిందే. 1001 అంటే 7 × 11 × 13, 501 అంటే 3 × 167. అన్నీ కలిపితే 15 రకాలుగా పరవొచ్చు!

ఇందులో పోస్టాఫీసు వాళ్ల ప్లానేమీ లేదు. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్‌లో చివరి మూడంకెలు పోస్టాఫీసుని చెబుతాయి, అంతే.

కానీ వికారాబాద్ లాంటి సంఖ్యలే, అంటే రెండే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధాలే, ఎన్నో వెబ్‌సైట్లకు తాళాలు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ కనిపెట్టిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి ఇదే. గుణించడం క్షణం పని, విడగొట్టడమే కష్టం. 501101కైతే 707 దాకా వెతికితే చాలు. తాళంలో వాడే సంఖ్యకు మాత్రం సాధారణంగా 617 అంకెలు. 2020లో 250 అంకెలున్న ఆర్‌ఎస్‌ఏ సంఖ్యని విడగొట్టారు. ఒక్క ప్రాసెసర్ కోర్‌కి అప్పజెబితే దాదాపు 2700 ఏళ్లు పట్టే పని అది. (ఓటీపీని మనమే ఫోన్లో చదివి వినిపిస్తే మాత్రం 617 అంకెలూ ఏం చేయలేవు.)

తమాషా ఏంటంటే, ఒక సంఖ్య ప్రధానమా కాదా తేల్చడం అంత కష్టం కాదు. దానికి ఎప్పుడూ తప్పని, వేగంగా పనిచేసే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కాయల్, నితిన్ సక్సేనా చూపించారు. కారణాంకాలు తీయడానికి అలాంటిది మామూలు కంప్యూటర్లకు ఇంకా దొరకలేదు. అలాగని ఎప్పటికీ దొరకదని ఎవరూ నిరూపించనూ లేదు. కోడ్ రాసి బతికేవాడిగా నాకు క్వాంటం కంప్యూటర్ల కన్నా ఇదే ఎక్కువ గుబులు. క్వాంటం సంగతి పీటర్ షోర్ 1994లోనే హెచ్చరించాడు, దానికి తట్టుకునే కొత్త తాళాల ప్రమాణాలు 2024లో అమెరికాలో వచ్చేశాయి కూడా. రేపు ఏ హాస్టల్ గదిలోనో ఎవరికో తట్టబోయే చిన్న కిటుకుకి మాత్రం ముందస్తు హెచ్చరిక ఉండదు.

మీ ఊరి పిన్‌కోడ్ సంగతేంటి? ఆరంకెలే కాబట్టి 1000 లోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి మొత్తం 168.