వృత్తి ఎంపికలో ధీమాకు కొలత

తనకు తగిన వృత్తిని ఎంచుకోగలనన్న నమ్మకం కళాశాల విద్యార్థిలో ఎంత ఉందో కొలిచేందుకు 1983లో అమెరికా మనస్తత్వవేత్తలు కరెన్ టేలర్, నాన్సీ బెట్జ్ ఒక ప్రశ్నావళి రూపొందించారు. దీనికి మూలం మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించిన స్వీయ సామర్థ్య భావన. ఒక పని చేసే శక్తి ఉండటం వేరు, చేయగలనని నమ్మడం వేరు. పనికి పూనుకోవడం, ఆటంకాలను తట్టుకుని నిలవడం చాలావరకు ఆ నమ్మకం మీదే ఆధారపడతాయి.

ప్రశ్నావళిలో మొదట 50 అంశాలుండేవి. 1996 నాటి సంక్షిప్త రూపంలో 25 ఉన్నాయి. తనను తాను అంచనా వేసుకోవడం, వృత్తుల సమాచారం సేకరించడం, లక్ష్యం ఎంచుకోవడం, ప్రణాళిక వేసుకోవడం, చిక్కులొస్తే దారి వెతుక్కోవడం... వీటిలో ఒక్కో పనిని ఎంత ధీమాగా చేయగలరో విద్యార్థి అంకెల్లో చెప్పాలి.

ఇలాంటి కొలత ఎంత అవసరమో బెట్జ్, మరో మనస్తత్వవేత్త గెయిల్ హాకెట్ 1981లో ప్రచురించిన పరిశోధన చూపింది. గణితం, ఇంగ్లిష్ పరీక్షల్లో అబ్బాయిలకు తీసిపోని అమ్మాయిలు కూడా ఇంజినీరింగ్ వంటి వృత్తుల విషయంలో తమపై తక్కువ నమ్మకం కనబరిచారు. మార్కుల జాబితాలో కనిపించని ఈ వెలితి ఎందరి దారినో మళ్లిస్తుంది.

ఈ ప్రశ్నావళిలో వచ్చే తక్కువ స్కోరును అసమర్థతగా చదవడం పెద్ద తప్పు. అది విద్యార్థి తన గురించి తాను చెప్పుకున్న మాట మాత్రమే. ఏ అంశంలో ధీమా సన్నగిల్లిందో తెలిస్తే, అక్కడ చిన్న చిన్న విజయాల రుచి చూపించవచ్చు. అదే దారిలో నెగ్గిన తోటివారిని పరిచయం చేయవచ్చు.