అనువాదకునికి వలసిన ఫ్రెంచి

విశ్వవిద్యాలయములలో అనువాదవిద్య నభ్యసింప గోరి చేరిన విద్యార్థికి ఫ్రెంచి నేర్పునపుడు మనము సాధారణముగా నవలంబించు పద్ధతి, పారిస్ నగరమును చూడబోవు యాత్రికునికో, ఫ్రెంచి సంస్థలో కొలువు గోరు యువకునికో నేర్పు పద్ధతియే. మొదటి వాచకమున పరిచయవాక్యములు, పిమ్మట హోటలులో భోజనము కోరుట, రైలు టిక్కెట్టు కొనుట, డాక్టరుతో తన బాధ చెప్పుకొనుట. పరీక్షలో నాలుగు మాటలు తడబడక పలికిన చాలును. ఇది వ్యర్థమని నేననను. అయితే పరుల రచనను పుటలకొలది చదివి, అందలి ప్రతివాక్యమునకును బాధ్యత వహించి, దానిని తన భాషలో మరల నిలుపవలసిన వానికి ఈ శిక్షణము చాలదనియు, వానికి ప్రత్యేకమైన పాఠ్యక్రమమును, ప్రత్యేకమైన పరీక్షయు నావశ్యకములనియు నా నిశ్చితాభిప్రాయము.

ఈ పద్ధతి యెట్లేర్పడెనో తెలిసికొనుట మంచిది. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఫ్రాన్సులో, తమ భాషను విదేశీయులకు సులభముగా నేర్పు నుద్దేశముతో, జార్జ్ గూగెనైమ్ మొదలగు పండితులు సామాన్యజనుల సంభాషణలను ధ్వనిముద్రణము చేసి, అందు తఱచుగా వినవచ్చు పదములను లెక్కించి, ‘మౌలిక ఫ్రెంచి’ యను చిన్న పదావళిని సిద్ధపఱచిరి. దానివెంట బొమ్మలతోను, ధ్వనిముద్రికలతోను బోధించు దృశ్యశ్రవణపద్ధతి వచ్చినది. 1976లో యూరోపు మండలివారి ‘గడప స్థాయి’ గ్రంథము వచ్చినది. 2001లో నా మండలియే ఏ1 మొదలు సీ2 వఱకు నాఱు మెట్లు గల భాషాసామర్థ్యప్రమాణమును ప్రకటించినది. వలసవచ్చిన కార్మికులకును, వర్తకులకును, పరదేశమున చదువుకొనబోవువారికిని వీనివలన కలిగిన మేలు సామాన్యమైనది కాదు. కాని వీనియన్నింటి దృష్టియు ప్రధానముగా నిత్యవ్యవహారముపైననే. పైగా తరగతిలో మాతృభాష వినబడరాదను నియమము, పందొమ్మిదవ శతాబ్ది చివర పుట్టిన ప్రత్యక్షపద్ధతి నాటినుండియు, ఏదో యొక రూపమున వెంటాడుచునే యున్నది. అనువాదకుని తయారుచేయు తరగతిలో అనువాదమునకే ప్రవేశము లేకపోవుట యెంత విపరీతము!

ఒక్క క్రియారూపము నుదాహరణముగా గైకొందము. గడచిన కథను చెప్పుటకు ఫ్రెంచిలో ముఖ్యముగా రెండు భూతకాలరూపములు గలవు: వ్రాతకే పరిమితమైన పాసే సాంప్ల్ ఒకటి, నోటిమాటలో నిత్యము వినవచ్చు పాసే కోంపోజే రెండవది. సంభాషణప్రధానమైన తరగతిలో మొదటిదానికి చోటు చిక్కుట బహు ఆలస్యముగా. అదియు కంటబడినపుడు గుర్తుపట్టిన చాలునన్నంత మాత్రముగా. కాని ఫ్రెంచి కథకుడు మోపాసా కథ నేదైన తెఱచినచో పుటపుటను ఎదురగునది అదియే. పిల్లల కథల పుస్తకములలో సైతము అదియే. ఈ రెండింటికిని గల భేదము కేవలము కాలభేదము కాదనియు, వక్త కానరాక కథ తనంతట తాను సాగుచున్నట్లు తోపించు కథనము నొకటియు, వక్త శ్రోత నుద్దేశించి పలుకు ప్రసంగమును రెండవదియు నాశ్రయించియున్నవనియు భాషాశాస్త్రవేత్త ఎమీల్ బెన్‌వెనిస్త్ 1959లో ప్రకటించిన వ్యాసమున ప్రతిపాదించెను. 1942లో వెలువడిన ‘లెత్రాంజే’ నవలలో అల్బేర్ కామూ సాహిత్యసంప్రదాయమును విడిచి కథను పాసే కోంపోజేలో నడపుటచేతనే, అందలి వాక్యము లొకదానితో నొకటి పొందక, దేనికది ఒంటరిగా నిలిచినట్లు పాఠకునికి తోచును. ఈ విషయమును మఱుసటియేట తత్త్వవేత్త సార్త్ర్ తన విమర్శలో చర్చించెను. ఈ భేదము నెఱుగని అనువాదకుడు మోపాసాను, కామూను ఒకే మూసలో పోయును.

ఇక్కడ తెలుగు విద్యార్థికి స్వభాషానుభవమే గొప్ప సహాయము. ‘వచ్చెను’ అన్నచో నొక స్వరమును, ‘వచ్చాడు’ అన్నచో వేఱొక స్వరమును ధ్వనించునని మనలో నెఱుగనివారు లేరు. అయినను ఈ సామ్యము కొంతదూరము మాత్రమే వచ్చును. ఫ్రెంచి బాలుడు తన కథలపుస్తకములో నా రూపమును నేటికిని సహజముగా చదువుకొనుచుండగా, మన బాలునికి ‘వచ్చెను’ అనునది పాతకాలపు పలుకు. కావున పాసే సాంప్ల్ కనబడినచోట నెల్ల గ్రాంథికమును వాడుటయు ప్రమాదమే. సామ్య మెందాక నిలుచును, ఎచట తెగును అని గురుశిష్యులు గంటలకొలది తర్కించుకొనునట్టి తరగతి నేను కోరుచున్నాను. అట్టి తరగతి రెండు భాషలు నోరు విప్పినగాని సాగదు.

వాక్యనిర్మాణము సంగతియు నిట్టిదే. ఫ్రెంచి వాక్యము ముందు నామమును చెప్పి, దాని వెనుక సంబంధసర్వనామములతో ఉపవాక్యములను గూర్చుకొనుచు పోవును. తెలుగు వాక్యము విశేషణములనన్నింటిని నామమునకు ముందు నిలిపి, క్రియను తుదివఱకు దాచియుంచును. కావున దీర్ఘవాక్యమును తెనిగించువాడు దానిని పూర్తిగా విప్పి, ఏ సర్వనామ మే నామమును చూచుచున్నదో, ‘ఓర్’, ‘దోంక్’ వంటి చిన్న అవ్యయములు వాద మెటు మఱలుచున్నదని చెప్పుచున్నవో తేల్చుకొనక కలము పట్టరాదు. ‘నూ’ అని రచయిత యన్నపుడు పాఠకుని తనతో గలుపుకొనెనో లేదో నిర్ణయింపక మనము మనమనియు వ్రాయలేము, మేమనియు వ్రాయలేము. ఈ సూక్ష్మపఠనము హోటలు సంభాషణలవలన అలవడునది కాదు.

పారిస్‌లో 1957లో వెలసిన ఎసిట్ అను అనువాదకుల, దుబాసీల విద్యాలయము భాష నేర్పుట తన పని కాదనియు, భాషలపై నధికారము గడించినవారే తనలో చేరవలెననియు నియమము పెట్టుకొన్నది. దానికట్టి విద్యార్థులు దొరకుదురు. ఆ విద్యాలయమున పరిశోధన చేసిన అంపారో హుర్తాదో అల్బీర్ పిమ్మట బార్సెలోనాలో అనువాదశాస్త్రమును బోధించెను. అక్కడ విద్యార్థులు రెండవ విదేశభాషను అనువాదముతోపాటే అభ్యసింపవలసియుండుటచే, అనువాదకుల భాషాబోధన యనునది ప్రత్యేకశాఖగా పెరిగినది. మన పరిస్థితి పారిస్ కంటె బార్సెలోనాకు సమీపము. హైదరాబాదులో 1958లో ఆంగ్లము కొఱకు నెలకొల్పబడి, 1972 నుండి విదేశభాషలను చేర్చుకొని, నేడు విశ్వవిద్యాలయమైయున్న సంస్థ యొకటి మనకు గలదు. 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలోనుండిన యానాములో తెలుగును ఫ్రెంచియు ఒకే వీథిలో వినబడిన చరిత్రయు మనకు గలదు. అయినను ఫ్రెంచి సాహిత్యము మన పాఠకులకు నేటికిని పెక్కుమాఱులు ఆంగ్లము ద్వారముననే చేరుచున్నది.

దీనివలని నష్టము చిన్నది కాదు. ఫ్రెంచి నవలలో స్త్రీపురుషులు మన్ననతో ‘వూ’ అని సంబోధించుకొనుచుండి, ఒకానొక క్షణమున ‘త్యూ’ అను చనవులోనికి జాఱుదురు. కథ యంతయు నా మార్పుపై నిలిచియుండవచ్చును. ఆంగ్లమున నది మటుమాయమగును. నీవు, మీరు అను భేదమును పదిలముగా గాపాడుకొన్న తెలుగు, ఆంగ్లము పోగొట్టినదానిని ఊహించి పూరింపవలసి వచ్చుటకంటె శోచనీయమేమున్నది? ఫ్రెంచి తరగతిలో తెలుగునకు మొదటి దినమునుండియే పీట వేయవలెనని నేను పట్టుబట్టుట యిందులకే.

మాటలాడనేరని అనువాదకుడు సంభాషణల నెట్లు తెనిగించునని కొంద రాక్షేపింపవచ్చును. ఆక్షేపము న్యాయమైనదే, చెవి లేనివానికి నవలలోని పాత్రల గొంతుక వినబడదు. నేను సంభాషణను తొలగింపుమనుట లేదు, చదువును దాని తరువాతి పంక్తిలో కూర్చుండబెట్టవలదని మాత్రమే కోరుచున్నాను. యూరోపు మండలియే 2018లో తన ప్రమాణమునకు చేర్చిన అనుబంధములో, ఒక భాషలోని విషయమును వేఱొక భాషలో నందించు మధ్యవర్తిత్వమునకు విస్తృతముగా మెట్లు నిర్ణయించినది. అవి వృత్తిగా అనువాదము చేయువారి కొలతలు కావని కూడ స్పష్టపఱచినది. ఆ కొలతలను మనమే యేర్పఱచుకొనవలెను. మొదటి సంవత్సరము ముగియులోపల విద్యార్థి మోపాసా చిన్నకథ నొకదానిని మూలమున చదివి తెలుగున సంగ్రహింపగలుగవలెను. రెండవయేట పత్రికాసంపాదకీయమును, న్యాయపత్రమును, ఔషధముతో వచ్చు వివరణపత్రమును ఎదుర్కొనవలెను. పరీక్షలో సమాధానపత్రమును దిద్దువారు ఫ్రెంచి యెఱిగినవారు మాత్రమే గాక తెలుగు వచనమున చేయి తిరిగినవారై యుండవలెను. రెండు భాషలలోను సమానముగా వ్రాయనేర్చిన అట్టి బోధకులు నేడు మిక్కిలి కొలది మంది. కనుక విశ్వవిద్యాలయములు ఫ్రెంచి శాఖలో నియామకములకు ప్రకటన చేయునపుడు, అభ్యర్థి స్వయముగా మూలమునుండి తెనిగించిన రచన నొకదానిని అర్హతలలో చేర్చుటతో ఈ పని నారంభింపవచ్చును.