ఆటల పండుగ - అతిథుల బండ్లు

2025వ సంవత్సరము అక్టోబరు మాసమున విశాఖపట్టణమందు మహిళల ప్రపంచకప్పు క్రికెట్టు పందెములు జరిగినవి. ఆ నెల 12వ తేదీని భారత, ఆస్ట్రేలియా జట్లు తలపడిన యాటను నరసరావుపేట, మాచర్ల, గురజాల పట్టణములలో నెందఱో సోదరీమణులు టెలివిజనులో జూచియుందురు. బంతిని, బ్యాటును జూచినవారు పెక్కుమంది. ఇట్టి యాటలకు వచ్చు క్రీడాధికారులును, వ్యాపారసంస్థల యధిపతులును విమానము దిగినది మొదలు మరల విమాన మెక్కువఱకు ఏ బండిలో, ఏ దారిని, ఏ వేళకు నడుతురో విచారించువారు మిక్కిలి తక్కువ. ఈ నెల ఆ విషయమును గూర్చి ముచ్చటింపదలచితిమి.

గృహకృత్యములకై యేర్పడిన యీ పుటలో పెద్దల కార్లతో మనకేమి పని యని కొందఱడుగవచ్చును. పని కలదు. మాచర్లలో మన యింట పెండ్లి యనుకొందము. వియ్యాలవారు కొందఱు నడికుడి స్టేషనులో రైలు దిగుదురు. కొందఱు హైదరాబాదునుండి కార్లలో వత్తురు. పెండ్లికుమారుని మేనత్తకు మోకాళ్ల నొప్పులు. స్టేషనుకు ఎవరు పోవలయును, ఏ బండిలో సామాను, ఏ బండిలో వృద్ధులు, విడిదికి చేరగానే కాఫీ యెవరందింపవలయును - ఇవన్నియు నిర్ణయించునది ఇల్లాలే. ఆమె మొదట ‘ఏ కారు గొప్పది?’ అని యడుగదు. ‘రైలెన్ని గంటలకు? ఎందఱు వత్తురు? నడువలేనివారెవరు?’ అని యడుగును. దేశాంతరపు పందెములకు బండ్ల నేర్పాటు చేయువారును ఈ మూడు ప్రశ్నలతోనే ప్రారంభింపవలసియున్నది.

విశాఖపట్టణమునే యుదాహరణముగా గొందము. విమానాశ్రయము నగరమునకు పడమటివైపున నున్నది. క్రీడారంగము ఈశాన్యపు కొసను పోతినమల్లయ్యపాలెమున నున్నది. రెంటి నడుమ నగరమంతయు పఱచుకొనియున్నది. ముఖ్యమైన బాట 16వ నంబరు జాతీయ రహదారి. ఎన్.ఏ.డి. కూడలి, మద్దిలపాలెము, హనుమంతవాక, ఎండాడ దాటి పోవలయును. సింహాచలము, అడవివరము మీదుగా వచ్చు దారియు హనుమంతవాకవద్ద ఆ రహదారిలోనే కలియును. కావున హనుమంతవాకవద్ద బండ్లు నిలిచెనా, రెండు దారులును నిలిచినట్లే. అందుచేతనే పందెపు దినములలో లారీలను నగరములోనికి రానీయక అనకాపల్లి, ఆనందపురముల నడిమి వెలుపలి రహదారికి మరల్తురు.

ఆ పందెములలో పెక్కు పగలు 3 గంటలకు మొదలై రాత్రి పది దాటువఱకు సాగునట్లు నిర్ణయింపబడినవి. జనులు వచ్చునపుడు కొద్దికొద్దిగా వత్తురు. పోవునపుడో, చివరి బంతి పడగానే వేలకొలది జనము ఒక్కపెట్టున లేచును. కావున అనుభవముగలవారు రాకకంటె ముందు తిరుగు ప్రయాణమును వ్రాసికొందురు. రాకకు సైతము వేళను వెనుకనుండి లెక్కింతురు. 3 గంటల యాటకు 2½కు ఆసనమున గూర్చుండవలె. అందులకు 2 గంటలకు ద్వారము చేరవలె. అనగా ఒంటిగంటకే బసనుండి కదలవలె. బాటలో నిలుపుదల కలుగునను భయమున మఱియొక పావుగంట చేర్పవలె. విమాన మాలస్యమైనచో ఈ లెక్క యంతయు మాఱును గనుక, ఎదురుచూచు డ్రైవరునకు ఎప్పటికప్పుడు వార్త నందజేయు మనిషి యొకరుండవలె.

క్రీడారంగమువద్దకు బండి పోవుటకు అనుమతిపత్రము కావలయును. అతిథిని దింపిన పిదప ఖాళీ బండి ఎచట నిలువవలెనో ముందే యేర్పఱుపవలయును. లేనిచో ఆ ఖాళీ బండ్లే బాటను మూసివేయును. చెడిపోయిన బండికి బదులుగా నొకటి సిద్ధముగా నుంచవలయును. అన్నిటికిని జవాబుదారి యొక్కరే కావలెను. పదిమంది పెత్తనమున్నచోట అతిథి ఎండలో నిలువక తప్పదు. పెండ్లివారిండ్లలో మనమెఱుగనిది కాదు.

ఇతర దేశములవారు ఈ విద్యను కష్టపడి నేర్చిరి. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలకు ఇతర నగరములనుండి రప్పించిన బస్సు డ్రైవర్లకు ఆ యూరి దారులు తెలియక, కొందఱు ఆటగాండ్రను సైతము వేళకు చేర్పలేకపోయిరి. తరువాతి నగరములు బాటలో కొంతభాగమును క్రీడలవారికై ప్రత్యేకింప మొదలిడినవి. 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడలప్పుడు అట్టి భాగములోనికి ప్రవేశించిన యితరులకు 2,000 రూపాయల జుల్మానా విధించిరి. 2012లో లండనువారు 48 కిలోమీటర్ల మేర నిట్లు గీతలు గీసి, అవసరము లేని వేళలలో ఆ భాగమును అందఱకును విడిచిరి. 2024లో పారిసునందు 185 కిలోమీటర్లు ప్రత్యేకించిరి. మాకు లండనువారి పద్ధతి మెచ్చదగియున్నది. అతిథికి కేటాయించిన గదియైనను, అతిథి లేనివేళ ఇంటివారికి పనికిరావలెను గదా!

హైదరాబాదునందు 2003 అక్టోబరు 24 మొదలు నవంబరు 1 వఱకు ఆఫ్రో-ఏషియా క్రీడలు జరిగినవి. నాడు అతిథులు నగరమధ్యమునందలి బేగంపేటలో విమానము దిగిరి. 2008 మార్చినుండి విమానములు దూరమునగల శంషాబాదుకు మారినవి. 2009లో మెహదీపట్టణమునుండి ఆరాంఘరు వఱకు సుమారు పదునొకండున్నర కిలోమీటర్ల వంతెనబాట తెఱవబడినది. ఊరును పేరును అవే. దారియు వేళయు వేఱు. పాత కాగితమును చూచి క్రొత్త యతిథుల కేర్పాటు చేయుట పనికిరాదు. ముందుగా ఆ దారిని, ఆ వేళకే, ఒకసారి బండి నడిపి చూడవలయును.

అదే నగరమున 2023 ఫిబ్రవరి 11వ తేదీని హుస్సేనుసాగరపు టొడ్డున విద్యుత్తు కార్ల పందెము జరిగెను. పందెపు బాట పొడవు మూడు కిలోమీటర్ల లోపే. కాని అది నిత్యము జనులు తిరుగు వీథి. దానికై దినములతరబడి దారులు మూయబడగా, ఉద్యోగులును, బడిపిల్లలును చుట్టు తిరిగి పోవలసివచ్చెను. మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిచటనే యున్నది. బాటను మూయుట ఒక గీతతో నగును. ఆ గీత కావల నున్నవారెవరో ముందుగా లెక్కింపవలయును. ప్రసవవేదన పడుచున్న స్త్రీ యుండవచ్చును. గుండెనొప్పి వచ్చిన వృద్ధుడుండవచ్చును. మన రాష్ట్రమున 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న ప్రారంభమైనవి. 2019 నాటి మోటారు చట్ట సవరణము, అంబులెన్సుకు దారి యియ్యనివారికి 10,000 రూపాయల జుల్మానా నిర్ణయించినది. ఆ నియమము అతిథుల కార్లకును వర్తింపవలెను.

ఇది పట్నపు గొడవయని మన పల్నాటివారు త్రోసిపుచ్చరాదు. నరసరావుపేట దాపున కోటప్పకొండయందు శివరాత్రి తిరునాళ్లకు వచ్చు జనసమూహము ఏ ప్రపంచపు పందెమునకును తీసిపోదు. పురుషోత్తమపట్టణము, కావూరు మున్నగు గ్రామములనుండి వచ్చు ప్రభలు ఎంత యెత్తైనవనగా, అవి కదలు దారిలో విద్యుత్తును నిలిపి తీగలను తొలగింపవలసివచ్చును. ఏ ప్రభ ఏ దారిని వచ్చునో, ఎచట నిలుచునో గ్రామములవారు ముందుగానే యెఱుగుదురు. ఇంత నేర్పు మనవారికి వెన్నతో పెట్టిన విద్య. కాని కొండపైకి పోవు దారిలో పెద్దల కార్లు సాగువఱకు బస్సులు క్రింద నిలిచిపోయినచో, చంటిబిడ్డను చంక నెత్తుకొన్న తల్లి యెంతసేపు నిలువగలదు? పెద్దలును రావలసినవారే, జనుల రద్దీ హెచ్చని వేళను వారికి నిర్ణయించుటయే వివేకము.

కార్లు నడుపువారి మాటయు మఱువరాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము రోజునకు 8 గంటల పనియే సాధారణముగా నిర్ణయించియుండెను. ఎడతెగక 5 గంటలు పనిచేసినవానికి అరగంట విశ్రాంతి యియ్యవలెనని చెప్పియుండెను. ఉదయము విమానాశ్రయమున నిలిచినవాడే అర్ధరాత్రి అతిథిని బసకు చేర్పవలసివచ్చినచో, కారెంత విలువగలదైనను ఆ ప్రయాణము క్షేమము కాదు. రెండవ డ్రైవరును, వేళకు భోజనమును, కాళ్లు చాచుకొనుటకు చోటును లెక్కలో చేర్పవలయును.

ఆ ప్రపంచకప్పునందు అంపైర్లును, రిఫరీలును అందఱు స్త్రీలే. రాజమహేంద్రవరమున జన్మించిన జి.యస్. లక్ష్మి రిఫరీలలో నొకరు. ఇక ముందు మన బాలికలెందఱో ఇట్టి పనులకై అపరిచిత నగరములందు రాత్రివేళ ప్రయాణింపవలసియుందురు. వారికి వలయునది మెత్తని పరుపుగల కారు కాదు. డ్రైవరు పేరు, బండి నంబరు ముందుగా తెలియవలెను, దింపుచోట దీపముండవలెను, గది తలుపు చేరినదాక కనిపెట్టియుండువారు కావలెను. చూడబోవు కుటుంబములును ఆట ముగిసిన పిదప కలిసికొను చోటును ఇంటివద్దనే నిశ్చయించుకొని, పిల్లల జేబులో ఫోను నంబరు వ్రాసిన కాగితముంచుట మేలు.

మీ యూరి తిరునాళ్లకు గాని, ఆటల పందెములకు గాని పెద్దలు సమావేశమై బండ్ల దారులు నిర్ణయించునపుడు సోదరీమణులు సంకోచింపక ఒక్క ప్రశ్న యడుగవలెనని మా ప్రార్థన: “ఆనాడు మా వీథిలో కాన్పునొప్పులు వచ్చినచో ఏ దారిని ఆసుపత్రికి పోవలయును?” దానికి జవాబు దొరకినపిదపనే అతిథుల కార్ల పట్టికను వ్రాయుట న్యాయము.